పాలగ్లాసు

“రక్తపరీక్షలో ఏ క్రిమీ పెరగలేదమ్మా,” అన్నాడు డాక్టరు.

ఆమె గబుక్కున రెండు చేతులూ జోడించింది.

“దండాలు తర్వాత. ఇన్ఫెక్షన్ రక్తమంతా పాకింది, బీపీ నిలవడం లేదు. క్రిమి ఏదో తెలియక చీకట్లో రాళ్ళు విసురుతున్నాం. రక్తం తీయకముందే యాంటీబయాటిక్ పడితే క్రిమి ఇలా పరీక్షకు దొరక్కుండా దాక్కుంటుంది. మీవారు ఇంట్లో ఏమైనా మాత్రలు వేసుకున్నారా?”

“లేదండీ. ఆయనే చెప్పారుగా.”

నిజమే. ఆసుపత్రిలో చేరిన రోజు భర్త గట్టిగానే చెప్పాడు. జ్వరమొచ్చినా మాత్ర మింగడు. గ్లాసుడు పాలు తాగి ముసుగుతన్ని పడుకునే మొండిఘటం.

డాక్టరు ఐసీయూ తలుపు తోస్తుంటే ఆమె వెనకనుంచి పిలిచింది.

“నా పంటినొప్పికిచ్చిన యాంటీబయాటిక్ మాత్రలు మిగిలితే, ఆయన తాగే పాలల్లో నూరి కలిపానండీ. మూడు రోజులు. ఆయనకు తెలీదు.”