తొట్టి కడిగినాయన

సబ్బుపొడి పొట్లం చించబోతుంటే వెనకనుంచి ఎవరో "వద్దు" అన్నారు.

రేడియో తిరిగి చూసింది.

పళ్ళాసుపత్రిలో పేర్లు పిలిచి పేషెంట్లను లోపలికి పంపే ఆమెకు ఆ పేరు పెట్టింది డాక్టరే. నోరు తెరిచిందంటే ఆపడం ఎవరి తరమూ కాదు. ఆమె మాటలన్నీ ఓపిగ్గా వినే ప్రాణాలు ఆ హాల్లో రెండే రెండు. అవి బంగారు చేపలు.

వాటి తొట్టి నిన్న పగిలింది. పాపం, రాత్రినుంచీ బకెట్‌లో ఉన్నాయి. ఎవరో వాడి వదిలేసిన తొట్టి ఒకటి డాక్టరు తెప్పించాడు.

"పోయినసారి చేపలన్నీ చచ్చాయి. ఇవీ చచ్చాయంటే ఇక ఇక్కడ చేపలుండవు," అని కూడా అన్నాడు. రేడియోకి అప్పటినుంచీ అదే బెంగ.

గుమ్మంలో నలిగిన చొక్కాతో ఒకాయన నిలబడి ఉన్నాడు. నోటికి అడ్డంగా జేబురుమాలు. తొట్టి కంపు అలాంటిది మరి. చేపల కొట్టాయన పొద్దున్నే మనిషిని పంపుతానన్నాడు కదా, ఇతనే కాబోలు అనుకుంది.

"వచ్చావా అన్నా! డాక్టరుగారికి ఇవాళ ఆలస్యమవుతుందట. పేషెంట్లందర్నీ మధ్యాహ్నానికి మార్చేశాను. ఈలోగా పనైపోవాలి."

"నేను..."

"ఆ సంగతులు తర్వాత. ముందు వాటిని చూడు."

ఆయన బకెట్‌లోకి వంగాడు. చేపలు రెండూ పైకి తేలి నోళ్ళు ఆడిస్తున్నాయి. ఏదో చెప్పబోయినవాడు మానుకుని చొక్కా చేతులు పైకి మడిచాడు.

ముందు మగ్గు తీసుకుని, గాలి కలిసేలా ఆ బకెట్ నీళ్ళనే ఎత్తి ఎత్తి పోశాడు. చేపలు కొంచెం తేరుకున్నాయి.

"సబ్బెందుకు వద్దు?"

"ఎంత కడిగినా అద్దాన్ని వదలదు. చేపలకి విషం."

రేడియో చేతిలో పొట్లాన్ని గబుక్కున వెనక దాచేసింది. పోయినసారి తొట్టిని సబ్బు నురగతో తళతళలాడేలా తోమింది తనే.

"వెనిగర్ ఉందా?"

పక్క కొట్టుకి పరుగెత్తి తెచ్చింది. ఆయన అందులో గుడ్డ తడిపి, అద్దంమీద గట్టిపడిన తెల్లటి చారకి అంటించాడు. కాసేపటికి ఆ చార పొరలు పొరలుగా ఊడొచ్చింది.

"ఉప్పు. కొత్త స్పాంజి. గిన్నెలు తోమింది వద్దు."

"ఉప్పెందుకు?"

"ఇందులో ముందున్న చేపలు ఏ జబ్బుతో పోయాయో మనకి తెలీదుగా."

అడిగినదానికి ముక్క, అంతే. ఇలాంటి మనిషిని రేడియో ఇంతవరకూ చూడలేదు. ఎవరీయన, కొట్టులో ఎప్పటినుంచి ఉన్నాడు, పెళ్ళాం పిల్లలెంతమంది? అడక్కుండా ఉండలేకపోయింది.

"ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావన్నా?"

"చంపి."

"ఆఁ?"

"మా అమ్మాయి చేపల్ని. సబ్బుతోనే."

ఇద్దరూ నవ్వారు. ఆయన మధ్యలోనే ఆపేశాడు.

"కాఫీ తాగుతావా?"

"వద్దమ్మా."

"పోనీ చల్లటి నీళ్ళు?"

"అమ్మో, అస్సలొద్దు."

ఎంత బెట్టు అనుకుంది.

ఉప్పుతో రుద్ది, నాలుగైదుసార్లు మంచినీళ్ళతో కడిగాక, తొట్టి కింద పొడి కాగితం పరిచి నిండా నీళ్ళు పోశాడు. మూలల్లో వేలితో తడిమి చూశాడు. "కాసేపాగాలి. కాగితం తడిసిందంటే జిగురు పోయినట్టే."

చెంపకి చెయ్యి ఆనించుకుని ఆ కాగితంకేసే చూస్తూ నిలబడ్డాడు. పనిమీద ధ్యాసంటే ఇలా ఉండాలి అనుకుంది రేడియో.

కాగితం తడవలేదు.

ఆ నీళ్ళు పారబోసి, డ్రమ్ములో నిన్నటినుంచీ నిలవున్న నీళ్ళు నింపాడు. బకెట్ నీళ్ళు కొన్ని కలిపాడు. ఒక్కో చేపనీ మగ్గుతో మెల్లిగా వదిలాడు. రెండూ కాసేపు బిక్కుబిక్కుమంటూ ఉండి, తర్వాత తోకలాడిస్తూ తొట్టంతా ఒక చుట్టు చుట్టొచ్చాయి.

రేడియోకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఆయన చేతులు తుడుచుకుని, మూల కుర్చీలో కూలబడి కళ్ళు మూసుకున్నాడు.

"అయ్యో, అక్కడ కూర్చోకన్నా! అవి పేషెంట్లకి. బట్టలన్నీ తడిసున్నాయి, డాక్టరుగారు చూశారంటే నన్నంటారు."

"అమ్మా, నేనూ..."

"బాగా చేశావని మీ ఓనరుకి చెప్తాలే. వెళ్ళిరా."

ఆయన ఆమెకేసి చూశాడు. డాక్టరు గది తలుపుకేసి చూశాడు. మూతి ఒక పక్కతోనే నవ్వి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

కాసేపటికి ఫోన్ మోగింది. చేపల కొట్టాయన.

"ఏమీ అనుకోకమ్మా, మావాడు ఇవాళ పన్లోకి రాలేదు. రేపు పొద్దున్నే పంపిస్తా."

"వచ్చి కడిగేసి కూడా వెళ్ళాడుగా!"

"నేనెవర్నీ పంపలేదే!"

రేడియో ఫోన్ అక్కడే పడేసి రోడ్డుమీదికి పరుగెత్తింది. ఆ నలిగిన చొక్కా ఎక్కడా కనపడలేదు. దారినపోయే మనిషికి ఆ కంపులో చెయ్యి పెట్టాల్సిన ఖర్మేమిటి? ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు.

ఆలోచిస్తూనే మెట్లెక్కుతుంటే డాక్టరు వెనకే వచ్చాడు. తొట్టిలో చేపల్ని చూసి "భేష్" అన్నాడు. తర్వాత ఖాళీ కుర్చీలకేసి చూశాడు.

"రాత్రంతా పంటిపోటుతో కంటిమీద కునుకు లేదని, దవడ వాచి మాట కూడా సరిగ్గా రావట్లేదని పొద్దున్నే ఒకాయన ఫోన్ చేస్తే, నేనొచ్చేదాకా మన హాల్లో కూర్చోమన్నాను, ఏడీ?"