లాల్ దవా పరీక్ష

"సనద్ ఉందా?" అని అడిగాడు ఊళ్ల శుభ్రత చూసే సఫాయి దారోగా ఉస్మాన్.

"పరీక్ష పెట్టు సాబ్, నువ్వే ఇస్తవ్," అన్నాడు ఊరికి కొత్తగా వచ్చిన ముసలాయన.

ఇబ్రహీంపట్నం చావడి దగ్గర ఉన్నవాళ్లంతా నవ్వారు.

అవి నైజాం రోజులు. చుట్టుపక్కల ఊళ్లలో వాంతులు విరేచనాలతో గత్తర మనుషులను ఎత్తుకుపోతోంది. తాగునీటి బావిలో విషం చంపే ఎర్రమందు, లాల్ దవా, కలిపేవాడికి ఇకమీదట సనద్, అంటే సర్కారు యోగ్యతాపత్రం, ఉండాలని కచేరీ నుంచి కొత్త హుకుం వచ్చింది.

"పేరు?"

"ఇశ్రాయేలు. మాది రావిర్యాల."

"చదువు?"

"రాదు."

దారోగా, పెద్ద డాక్టరు లాల్ దవా మీద రాసిన ఉర్దూ పుస్తకం తెరిచాడు. "ఊరబావికి దవా ఎన్ని తులాలు?"

"బావి చూడకుంట ఎట్ల చెప్త సాబ్? ముందు తాడు దించి లోతు చూడాలె. దవా పోస్తే నీళ్లు గులాబి రంగుకొస్తయి. జరసేపటికే రంగు పోయిందంటే విషం ఇంక ఉన్నట్టు. మల్ల పొయ్యాలె. రంగు నిలిచేదాక ఎవరు తాగద్దు."

"తప్పు! నాలుగు తులాలు, ఒక్కసారి. కితాబుల గంతే ఉంది."

"గట్లయితే కితాబే తప్పు."

దారోగాకు చిర్రెత్తుకొచ్చింది. కాగితం మీద 'నాలాయక్' అని రాసి, వేలిముద్ర వెయ్యమన్నాడు.

ఇశ్రాయేలు చేతులు వెనక్కి కట్టుకున్నాడు. "నాకు పని రాదని నా వేలుతోనే ఒప్పిస్తవా? జైల్ల ఎయ్యి. ముద్ర మాత్రం ఎయ్య."

నీళ్లకు వచ్చిన నర్సింహమ్మ ఊరుకోలేకపోయింది. "ఆయన చెప్పినట్టు చేసి చూడరాదు సాబ్? తాగేది మేం గద!"

"హుకుం హుకుమే," అన్నాడు దారోగా.

ఇశ్రాయేలు మూట భుజాన వేసుకుని మన్నెగూడ దారి పట్టాడు. అక్కడ సనద్ అడిగేవాళ్లు లేరు.

దారోగా తానే బావిలో నాలుగు తులాలు పోయించాడు. నీళ్లు గులాబి రంగుకు వచ్చాయి. కాసేపటికే ఆ రంగు పోయింది.

"దవా కరిగింది, తాగండి," అన్నాడు.

వారంలో పదకొండు మంది పోయారు. వాళ్లలో నర్సింహమ్మ భర్త బుగ్గయ్య ఒకడు. ఇశ్రాయేలు దవా కలిపిన మన్నెగూడలో మాత్రం గత్తర ఆగిపోయింది.

నర్సింహమ్మ ఊరి ఆడవాళ్లందరినీ వెంటబెట్టుకుని చావడికి వచ్చింది. "నీ సనద్‌కు నీళ్ల దూప లేదు, సావు లేదు. మాకున్నయి! ఆ ముసలాయనను పిలిపియ్యి. వచ్చేదాక ఈడికెల్లి కదలం!"

దారోగా మనిషిని పంపాడు. ఇశ్రాయేలు మన్నెగూడ దాటి ఎటో వెళ్లిపోయాడని కబురు వచ్చింది.

పదకొండు చావులకు పైవాళ్లకు సంజాయిషీ రాయాలి. మొదటి పది పేజీలు బట్టీ పట్టి సనద్ తెచ్చుకున్న ఆ మహానుభావుడు, ఆ రోజు మొదటిసారి పదకొండో పేజీ తిప్పాడు.

'నాలుగు తులాలు మొదటిసారికే. రంగు నిలిచేదాకా మళ్లీ మళ్లీ పోయాలి.'

దాని కింద, పుస్తకం రాసిన పెద్ద డాక్టరు ఒప్పుకోలు ఉంది: 'ఇందులో నా సొంత మాట ఒక్కటీ లేదు, అంతా రావిర్యాల ఇశ్రాయేలు చెప్పగా రాసుకున్నదే.'