ముసుగు దొరకి బదులు

"లే. అది నా కుర్చీ."

వెస్లీ థార్న్ కుర్చీని కాలితో తన్నాడు. అందులో కూర్చున్న పెద్దాయన తూలిపడబోయి నిలదొక్కుకున్నాడు.

"తెలియక కూర్చున్నానండీ" అన్నాడు. గొంతు తుప్పు పట్టిన తలుపులా కీచుమంది.

"ఆ గొంతేమిటయ్యా బాబూ! నోరు విప్పకు, మైకు పగిలిపోతుంది."

సెట్టు మీద అందరూ నవ్వారు.

పెద్దాయన ఆ ఉదయమే పనిలోకి వచ్చాడు. లైట్లు అమర్చేంతసేపు హీరో బదులు నిలబడటం ఆయన పని. హీరో ఎత్తే ఉన్నాడని నల్లకోటు, తెల్ల చేతితొడుగులు, పొడుగు టోపీ వేయించి, కళ్ళకి ముసుగు కట్టి దీపాల కింద నిలబెట్టారు. పేరెవరూ అడగలేదు.

హాలీవుడ్‌లో ఆ చిన్న స్టూడియోకి అన్నం పెడుతున్నవి ముసుగు దొర నలుపు తెలుపు సినిమాలే. పెద్దింటి నగలు దోచి, టోపీ తీసి మర్యాదగా సెలవు తీసుకునే దొంగ కథలు. హీరోగా వెస్లీకి ఇది ఏడోది.

అప్పుడే ఇద్దరు మనుషులు లోపలికి వచ్చారు. రోజూ కొత్త ఫైటర్లు వచ్చిపోయే చోటు కాబట్టి ఎవరూ ఆపలేదు.

వెస్లీ మాత్రం వాళ్ళని గుర్తుపట్టాడు. ఊరంతా హడలిపోయే రౌడీ కార్మైన్ మనుషులు! కార్మైన్ భార్యతో తను తిరుగుతున్న సంగతి బయటపడిందన్నమాట. ఇక ప్రాణాలు దక్కవు.

గబుక్కున అట్టగోడ వెనక నక్కాడు. దీపాల కిందున్న పెద్దాయన అది చూశాడు. వెస్లీ పెదాల మీద వేలు పెట్టుకుని, చెప్పొద్దని కళ్ళతోనే బతిమాలాడు.

"ముసుగు దొరవి నువ్వేనా?" వచ్చినవాళ్ళలో పొట్టివాడు అడిగాడు.

పెద్దాయన టోపీ తీసి, నడుం వంచి అభివాదం చేశాడు. తనెప్పుడూ అంత అందంగా వంగలేదని వెస్లీకి ఆ భయంలోనూ అనిపించింది.

మొదటి దెబ్బ దవడ మీద పడింది. పొట్టివాడి పిడికిలికి ఇత్తడి తొడుగు ఉంది.

"కార్మైన్ పెళ్ళామే కావాల్సొచ్చిందిరా నీకు?"

పైనున్న లైటుమనిషి ఈల వేశాడు. "ఒరేయ్, డైలాగు కూడా మార్చేశార్రా!"

"రిహార్సలే ఇంత జోరుగా ఉందే!" డైరెక్టర్ గస్ శాండ్‌విచ్ నములుతూ అరిచాడు. "కానివ్వండి, అలాగే కానివ్వండి!"

రెండో దెబ్బకి పెద్దాయన మోకాళ్ళ మీద కూలాడు. పక్కటెముక విరిగిన చప్పుడు అట్టగోడ వెనక్కి వినిపించింది.

ముసుగు తీస్తే చాలు. 'నేను వాణ్ణి కాను' అంటే చాలు.

'అనకు, అనకు' అంటూ వెస్లీ తన పిడికిలి తనే కొరుక్కున్నాడు.

ఆయన అనలేదు. లేచి నిలబడ్డాడు. మళ్ళీ కొట్టారు. మళ్ళీ లేచాడు. ఈసారి రెండోవాడు కత్తి దించాడు.

పెద్దాయన నేలకొరిగాడు.

సెట్టంతా చప్పట్లు.

వచ్చినవాళ్ళు తీరిగ్గా వెళ్ళిపోయారు. స్టూడియో పుట్టినప్పటినుంచీ మేకప్ వేస్తున్న అగాథా దగ్గరికి వచ్చి, ఠక్కున ఆగిపోయింది.

"గస్! నేను నెత్తురుకి చాక్లెట్ పాకం కదా పూసేది? ఇది ఎర్రగా ఉందేం?"

చప్పట్లు ఆగిపోయాయి.

గస్ పరుగెత్తుకొచ్చి నాడి చూశాడు. తల అడ్డంగా ఊపాడు.

వెస్లీ బయటికి వచ్చాడు.

"పిచ్చి ముసలాడు! నేను కాదని ఒక్క ముక్క అంటే బతికేవాడుగా! ఎందుకు అబద్ధం చెప్పాడు?"

అగాథా కూర్చుని ముసుగు విప్పింది. చేతిగుడ్డతో ఆయన మొహం తుడిచింది. తుడిచి, ఆ మొహాన్ని దీపం వైపు తిప్పి చూసింది.

"అబద్ధం చెప్పలేదు వెస్లీ" అంది. "తెరమీది బొమ్మలకి మాటలు రాకముందు, ముసుగు దొర ఈయనే."