రేపటి గడి

“రేపటి చల్లదనం ఇవాళే ఎలా తెలిసింది మీకు?” అని అడిగింది ఇన్‌స్పెక్టరమ్మ.

రెస్టారెంట్ యజమాని నోరు వెళ్ళబెట్టాడు. ఫ్రిజ్ ఎన్ని డిగ్రీల్లో ఉందో పూటపూటా చూసి రాయాల్సిన కాగితం దాని తలుపుకే వేలాడుతోంది. వంటమాస్టర్ మహా పనిమంతుడు. ఒకటో తారీఖునే కూర్చుని నెల మొత్తానికీ నాలుగు, నాలుగు, నాలుగు అని నింపేశాడు. రేపటి గడిలోనూ నాలుగే ఉంది. వచ్చే ఆదివారం గడిలోనూ నాలుగే.

“ఏదో పొరపాటున రాసుంటాడండీ.”

ఆమెది మరకలేని తెల్లకోటు, మెడలో గుర్తింపు కార్డు, నవ్వడం మరిచిపోయిన మొహం. సంచిలోంచి సూదిలాంటి థర్మామీటరు తీసి, స్పిరిట్‌తో తుడిచి, ఫ్రిజ్‌లోని పెద్ద గిన్నెలో మాంసానికి గుచ్చింది. రేపు మధ్యాహ్నం పెళ్ళి భోజనాలకని నిన్ననే ఉడికించి పెట్టిన మాంసం అది. నూట యాభై మందికి సరిపడా.

అంకె పదమూడు దగ్గర ఆగింది. ఐదు దాటకూడదు. ఫ్రిజ్ తలుపు రబ్బరు ఎప్పుడో చిరిగిపోతే పార్సిల్ టేపుతో కట్టు కట్టి వదిలేశారు. లోపలి చల్లదనమంతా ఆ సందులోంచే పోతోంది.

లైసెన్సు గడువు ఈ సాయంత్రంతో సరి. ఈవిడ సంతకం పెడితేనే రేపు పొయ్యి వెలుగుతుంది.

మొదట బతిమాలాడు. కుర్చీ వేయించాడు, ఫ్యాను వేయించాడు. ఆమె కూర్చోలేదు. వెనక తలుపుకి అడ్డంగా ఉల్లిపాయల బస్తాలు కనిపిస్తే రాసుకుంది. వంటమాస్టర్ ఆరోగ్య పరీక్ష కాగితం రెండేళ్ళ కిందటిదైతే అదీ రాసుకుంది. యజమానికి ఒళ్ళు మండిపోయింది.

“ఎదురు హోటల్ వాడు ఏమాత్రం ముట్టజెప్పాడేంటి?”

“నోరు జాగ్రత్త.”

“ఉండండి, మీ పై ఆఫీసరుతోనే చెప్పిస్తా.”

అన్నంత పనీ చేశాడు. అదీ ఫోను స్పీకర్లో పెట్టి మరీ.

“నీకెందుకమ్మా ఇవాళ ఈ గొడవ?” పై ఆఫీసరు గొంతు వంటగదంతా వినిపించింది. “రూల్లో వీలుంది కదా, రెండు వారాలు గడువిచ్చి సంతకం పెట్టేసి ఇంటికి పో. ఇంకెవరినైనా పంపేవాణ్ణిగా!”

“ఇంకొకరి చేత చేయించే పని కాదు సార్ ఇది. పదమూడు డిగ్రీలుంది.”

“నీ ఇష్టం తల్లీ. తర్వాత ఏడిస్తే మాత్రం నా దగ్గరికి రాకు.”

ఫోను ఆగిపోయింది. యజమానికి ఇంక వేరే దారేమీ మిగల్లేదు. వంటవాళ్ళు, గిన్నెలు కడిగేవాళ్ళు అందరూ చూస్తుండగానే గొంతు పెంచాడు.

“పెళ్ళికొడుకు తల్లి సంగతి మీకు తెలీదు. మూడుసార్లొచ్చి, స్వయంగా గరిటె పట్టుకుని రుచి చూసి, భోజనాలు ఇక్కడే పెట్టాలని పట్టుబట్టింది. రేపు తేడా వచ్చిందంటే కోడల్ని జన్మంతా దెప్పిపొడిచే రకం! ఆ పిల్ల కాపురానికి మీరు ఇవాళే నిప్పు పెడుతున్నారు.”

ఆమె పెన్ను ఆగింది.

గెలిచాననుకున్నాడు యజమాని. వంటమాస్టర్ కూడా ఊపిరి పీల్చుకున్నాడు. ఆమె ఆ మాంసం గిన్నె వంక చూసింది.

“భోజనాలకి చిన్నపిల్లలు కూడా వస్తారు కదూ?” అంది మెల్లగా.

“పెళ్ళన్నాక పిల్లలు రారా? చంటిపిల్లలూ వస్తారు, ముసలాళ్ళూ వస్తారు.”

పెన్ను మళ్ళీ కదిలింది. ఈసారి ఇంక ఆగలేదు.

“మాంసం పారబోయండి. నా కళ్ళెదురుగా. మళ్ళీ ఎవరూ ఏరుకోకుండా పైన ఫినాయిల్ పొయ్యండి.”

యజమాని కదల్లేదు. ఆమే గిన్నె అంచు పట్టుకుంది. ఒక్కర్తివల్లా లేవకపోయినా వదల్లేదు. చేసేది లేక వంటమాస్టరే వచ్చి రెండోవైపు పట్టాడు. గిన్నె ఖాళీ అయ్యేదాకా అక్కడే నిలబడి చూసింది.

“ఆడపిల్లని కన్న తల్లి ఉసురు ఊరికే పోదు మేడమ్!” పళ్ళు కొరికాడు యజమాని. “మీ ఇంట్లో శుభకార్యం కూడా ఇలాగే తగలడాలి. అప్పుడు తెలుస్తుంది నొప్పంటే ఏంటో.”

గిన్నెలు కడిగే మనిషి కూడా ఆ మాటకి తల దించుకుంది. ఇన్‌స్పెక్టరమ్మ మాత్రం తప్పులు రాసిన కాగితం పుస్తకంలోంచి చించి ఆయన చేతికిచ్చింది.

“తప్పులన్నీ దిద్దుకున్నాక కబురు పెట్టండి. మళ్ళీ వచ్చి చూస్తాను.”

వీధి తలుపు మీద ‘మూసివేత’ అని రాసున్న ఎర్ర కాగితం అంటించింది. అంచులు లేవకుండా అరచేత్తో నాలుగుసార్లు అదిమింది. యజమాని మెట్ల మీదికొచ్చి వీధంతా వినబడేలా అరిచాడు.

“రాక్షసి! పెళ్ళివాళ్ళకి ఈ మాట నేను చెప్పను. ఆ మొహమేదో మీరే చూపించుకోండి. మీరే చెప్పుకోండి!”

“చెప్తాను,” అంది వెనక్కి తిరక్కుండానే.

వీధి మలుపు దాకా నిటారుగా నడిచింది. అక్కడ ఒక కొట్టు అరుగు మీద కూలబడి, తెల్లకోటు విప్పి ఒళ్ళో పెట్టుకుని, ఫోను తీసింది. రెండుసార్లు నంబరు నొక్కబోయి ఆగింది. మూడోసారి నొక్కింది.

“వదినగారూ, మీరు నన్నేమన్నా పడతాను గానీ, రేపు మన పిల్లల పెళ్ళి భోజనాలకి ఇంకో చోటు చూసుకుందాం.”