నాలుగో నంబరు పంపు

సోమవారానికల్లా సారయ్య ఇల్లందు వెళ్లిపోవాలి. మొన్న రెండో నంబరు పంపు మోటారు కాలిపోయింది. ఆ పంపు ఆపరేటరు అతనే.

బొగ్గు గనిలో ఊరిన నీళ్లు తోడే కాంట్రాక్టు కంపెనీ రూలు అది. మోటారు కాలితే తప్పు ఆపరేటరుది, వెంటనే దూరపు సైటుకు బదిలీ. ఆరేళ్లలో ముగ్గురు అలాగే వెళ్లారు. సారయ్య నాలుగోవాడు. ఇక్కడ సత్తుపల్లిలో ఇల్లు కట్టుకుని ఇంకా ఏడాది కాలేదు.

ఐదు పంపుల్లో నాలుగో నంబరు మాత్రం ఒక్కసారీ కాలలేదు. దాన్ని నడిపేది సమ్మక్క. భర్త పోయాక పనిలో చేరింది. ఇంట్లో మంచం పట్టిన అత్త ఉంది, చూసేవాళ్లు ఇంకెవరూ లేరు.

ఈ విచిత్రమేమిటో తేల్చమని హెడ్డాఫీసు తబితా అనే ఇంజినీరును పంపింది. ఆమె రెండు రోజులు ల్యాప్‌టాప్ ముందు నుంచి లేవలేదు. ఐదూ ఒకే రకం, ఒకే రోజు కొన్నవి. అవే నీళ్లు, అవే గంటలు. ఇది అదృష్టం కాదని, రికార్డుకెక్కని కారణం ఏదో ఉందని, దానికీ లెక్కలో చోటిస్తేనే అంకెలు కుదురుతున్నాయని సారయ్యకు చెప్పింది. అతనికి సగమే అర్థమైంది. ఆ సగానికే చెమటలు పట్టాయి.

నాలుగో నంబరు విప్పి చూస్తానంది తబితా.

"వద్దు మేడం. మంచిగ నడిచేదాన్ని ఇప్పితే పాడైతది," అన్నాడు సారయ్య.

తనది కాలిందని కుళ్లు కాబోలనుకుంది ఆమె. అయినా విప్పలేదు. పంపుల్లో తేడా లేనప్పుడు తేడా మనిషిలోనే ఉండాలని తేల్చేసింది. సమ్మక్కను ఇక్కడి నుంచి ఎప్పటికీ కదపొద్దని, మిగతావాళ్లకు ఆమెతోనే ట్రైనింగ్ ఇప్పించాలని రిపోర్టు రాసి, అందరి ముందూ చదివింది. సమ్మక్క తల ఎత్తలేదు. వినయం కూడా ఉందని తబితా ఇంకో వాక్యం చేర్చింది.

సారయ్యకు ప్రాణం లేచొచ్చింది.

"పోయేలోపు ఆమె దగ్గర కొంచెం నేర్చుకోండి సారయ్యా."

"అవ్ మేడం."

ఆరేళ్లలో కాలిన నాలుగు మోటార్లూ, సమ్మక్క పంపు నడుస్తుండగానే వదిలేసి అత్తకు అన్నం పెట్టడానికి ఇంటికి పరుగెత్తిన మధ్యాహ్నాల్లో, నీళ్లు తగ్గాక ఆపేవాళ్లు లేక కాలినవే. ప్రతిసారీ ఎవరో ఒకరు తన మంచి పంపును ఆమె చోటికి జరిపి, దాని మీద నాలుగు అని రాసి, కాలినదాని మీద తన నంబరు రాసుకున్నాడు.