మూడో తుమ్ము

"హాఛ్!"

గడప దాటబోతున్న దుర్గేష్ కాలు గాల్లోనే ఆగి, మళ్లీ లోపలికి వచ్చేసింది. సూట్‌కేసు కింద పెట్టి సోఫాలో కూలబడ్డాడు.

"మూడోసారి, ఝాన్సీ! మంచినీళ్లు!"

ఝాన్సీ గడియారం చూసింది. తొమ్మిదీ పది. ముంబై విమానం పదిన్నరకి. ముప్పావు గంట ముందే కౌంటర్ మూసేస్తారు. శంషాబాద్‌లోని ఆ ఇంటి నుంచి ఎయిర్‌పోర్టుకి పావుగంట. ఇంకో తుమ్ము పడిందంటే విమానం అందదు. సాయంత్రం హెడ్డాఫీసులో ఇంటర్వ్యూకి భర్త వెళ్లకపోతే ముంబై మేనేజరు పోస్టు తోటి ఉద్యోగి నరసరాజుదే. అతను తెల్లవారుజామునే విమానం ఎక్కేశాడట.

"తుమ్మితే కొంప మునుగుతుందా? లేవండీ!"

"నా సంగతి నీకు తెలుసుగా. పది నిమిషాలు కూర్చుని లేస్తా." అతని నుదురంతా చెమట. గ్లాసెడు నీళ్లూ గటగటా తాగేశాడు.

ఒకసారైతే జలుబనుకోవచ్చు. సరిగ్గా అతను గడప మీద కాలు పెట్టినప్పుడే మూడుసార్లా? ఎవరో కావాలనే చేస్తున్నారు! మనిషికి దేనికి గుండె దడో కనిపెట్టి, దాంతోనే ఆడిస్తున్నారు.

ఝాన్సీ కొంగు దోపి బయటికొచ్చింది. మెట్ల మీద ఇంటి ఓనరు చంద్రమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"చంద్రమ్మగారూ, మీరేనా తుమ్మింది? మేం ముంబై వెళ్లిపోతే ఇల్లు ఖాళీ అవుతుందనేగా?"

"ఏంది బిడ్డా గట్లంటవ్? గీ ఎయిర్‌పోర్టు వచ్చినంక కిరాయికి జనం లైన్ కడుతున్నరు. మీరు పొద్దుగాల పోతే మాపటికి ఇంకోళ్లొస్తరు." చంద్రమ్మ మూతి తిప్పింది. "అయినా నీ చెవులేడ వెట్టినవ్? గది మొగోని తుమ్ము. గేటు కాడికెల్లి వచ్చింది."

గేటు దగ్గరున్న మగాడు ఒక్కడే. ఎయిర్‌పోర్టుకని నిన్ననే మాట్లాడిన టాక్సీ డ్రైవరు వీరేందర్.

ఝాన్సీ చెప్పులు విప్పేసి, చప్పుడు కాకుండా కారు వెనక నుంచి వెళ్లింది. వీరేందర్ ఇంటి గుమ్మాన్నే చూస్తున్నాడు. రెండు వేళ్ల మధ్య చిటికెడు ముక్కుపొడి రెడీగా ఉంది.

టక్కున ఆ చెయ్యి పట్టుకుంది. "దొరికావ్!"

"జ... జలుబు మేడమ్!"

"జలుబుకి ముక్కుపొడి పీలుస్తారా? ఎవరు తుమ్మమన్నారు? చెప్పకపోతే పోలీసుల్ని పిలుస్తాను."

"తుమ్మితే గూడ కేసైతదా మేడమ్?"

"అయితది! ఇడువకు బిడ్డా, గట్టిగ పట్టుకో!" మెట్ల మీంచి చంద్రమ్మ అరిచింది.

"నరసరాజే కదూ? మా ఆయనకి తుమ్మంటే హడలని ఆఫీసులో అందరికీ తెలుసు. పోస్టు కొట్టెయ్యడానికి నిన్ను పెట్టాడు!"

"నరసరాజెవరో నాకెరుకే లేదు మేడమ్. ఒట్టు!"

"మరెవరు?"

వీరేందర్ ఇంటివైపు చూశాడు. ఆమెవైపు చూశాడు. నెత్తి గోక్కున్నాడు. సరిగ్గా అప్పుడే తలల మీదుగా ఒక విమానం ఉరుముకుంటూ పోయింది. ఆ మోత తగ్గేదాకా ఝాన్సీ అతని చెయ్యి వదల్లేదు.

"జర మెల్లగ మేడమ్, లోపలికి ఇనవడ్తది. విమానం ఎక్కాల్నంటే ఆయనకు కాళ్లు వణుకుతయంట. ఇంట్ల చెప్తే ఇజ్జత్ పోతదంట. గడప మీద కాలు వెట్టినప్పుడల్లా తుమ్మాలని నిన్న ముక్కుపొడి డబ్బా కొనిచ్చింది... మీ దుర్గేష్ సారే!"