నల్లమ్మ పంటి పుండు

నల్లమ్మ అనే ఎలుగుబంటికి కింది పళ్ళ చిగుళ్ళు పుండయ్యాయి. నోరు తెరిస్తే కుళ్ళు వాసన వచ్చేది. తేనెపట్టు దగ్గరికి వెళితే తోటి ఎలుగులు ఒక్కొక్కటే పక్కకు జరిగేవి. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు గానీ ఆమెకు అర్థమైంది. నోరు మూసుకుని కొండ అవతలి గుహలో ఒంటరిగా ఉండిపోయింది. పుండు దానంతటదే మానుతుందనుకుంది. కొత్త కండ వచ్చేది, రెండు రోజుల్లోనే పంటిని వదిలేసి ఊడిపోయేది.

ఒకనాడు వాగు దగ్గర ముసలి ముళ్ళపంది ఎదురై, "ఏదీ, నోరు తెరువు తల్లీ" అంది.

"వద్దు తాతా. నువ్వు కూడా వెళ్ళిపోతావు."

"నేనెక్కడికి పోతాను? ఈ ముళ్ళు చూసి నా దగ్గరికి వచ్చేవాళ్ళే లేరు."

నల్లమ్మ నోరు తెరిచింది. ముళ్ళపంది చాలాసేపు చూసింది.

"కండ రోజూ వస్తూనే ఉంది. పంటి మొదట్లో పాచి పట్టి విషం ఊరుతోంది. ఆ విషం మీద కొత్త కండ అతుక్కోలేదు. గీకెయ్యాలి. నొప్పెడుతుంది."

తన ఒంటి నుంచి రాలిన ముల్లుతో ముళ్ళపంది రోజూ కొంచెం కొంచెం గీకింది. నల్లమ్మ కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా కదలకుండా కూర్చునేది. నెల తిరిగేసరికి ఒక పన్ను పోయింది గానీ, మిగతా పళ్ళను చిగుళ్ళు గట్టిగా పట్టుకున్నాయి.

గీకడం ఆపేసిన మర్నాడు పొద్దున్నే నల్లమ్మ మళ్ళీ వచ్చింది.

"మానింది కదా, ఎందుకొచ్చావు?"

"పాచి మళ్ళీ పడుతుందేమోనని" అంది ఎటో చూస్తూ.

ముళ్ళపంది నోరు తెరవమనలేదు. ముళ్ళన్నీ ఒంటికి ఆనించుకుని, పక్కన చోటిచ్చింది.